సముద్రానికి గుర్తు రాయి

ఫలాని కొండ ఎత్తు ఇన్ని మీటర్లు అని మన పిల్లలు పాఠాలలో చదువుతుంటారు. ఆ ఎత్తును ఎక్కడ నుండి కొలిచారు? సముద్రమట్టము నుండి అని మనము వెంటనే చెబుతాము. కాని సముద్రము ఒక్క గంటయైనా ఒక్క మట్టములో నిలువదు గదా! ఆటుపోట్లతో పూటకొక తీరుగా ఉండే నీటిని పట్టుకొని భూమిని కొలుచుట ఎట్లు?

ఇంగ్లాండు నైరుతి కొసన కార్న్‌వాల్ ప్రాంతములో న్యూలిన్ అను చేపల రేవు ఉన్నది. అక్కడ సముద్రములోనికి కట్టిన రాతికట్ట చివర ఒక పాత లైటుహౌసు, దాని పక్కనే ఒక చిన్న గది ఉన్నవి. ఆ గదిలో 1915 మే నుండి 1921 ఏప్రిల్ వరకు, ఆరు సంవత్సరములు, రాత్రింబగళ్లు నీటిమట్టమును నమోదు చేశారు. వాటన్నిటి సగటును సున్నాగా ఎంచుకొన్నారు. ఆ సున్నాకు 4.75 మీటర్ల పైన, గది నేలలో బిగించిన ఇత్తడి మేకు ఒకటి గుర్తుగా నిలిచినది. బ్రిటన్‌లో అన్నిటికంటె ఎత్తయిన బెన్ నెవిస్ కొండ 1345 మీటర్లని చెప్పునప్పుడు ఆ లెక్క ఈ న్యూలిన్ సున్నా నుండియే. అక్కడి నేల గట్టి నల్లరాతి నేల, ఎదుట విశాలమైన అట్లాంటిక్ మహాసముద్రము. అందుకే ఆ చోటును ఎన్నుకొన్నారు.

ఇటువంటి గుర్తు విలువ మా ఇంటిలో కూడా తెలిసి వచ్చినది. మాది కాలువల కింద వ్యవసాయము. వానాకాలములో మురుగు ఎవరి చేను మీదుగా పోవలెనని మా నాన్నగారికి, బాబాయిగారికి మాట పట్టింపు వచ్చినది. "మీ చేనే పల్లము" అని ఒకరు, "కాదు, మీదే" అని ఒకరు. రెండు పంటల కాలము మాటలు లేవు. చివరకు పిలిపించిన సర్వేయరుగారు ఏ చేనులోను దిగలేదు. తిన్నగా లాకు దగ్గరకు పోయి, అక్కడి రాతిపై చెక్కిన గుర్తు మీద కొలత బద్ద నిలిపించి, అక్కడ నుండి గట్టు వెంబడి కొలుచుకొంటూ వచ్చారు. రెండు చేలకు తేడా బెత్తెడే! నడిమి గట్టు వెంబడి బోదె తవ్వితే రెండింటి నీరు దిగిపోవునని తేలినది. ఆ రాయి మాదీ కాదు, వారిదీ కాదు గనుక ఇద్దరూ ఒప్పుకొన్నారు. ఆ సాయంకాలమే పిన్నిగారు మా అందరికీ అన్నము పెట్టారు.

మన దేశములో ఎత్తుల లెక్కకు 1909లో తొమ్మిది రేవుల సముద్రమట్టములను ఆధారముగా తీసికొన్నారు. వాటిలో మన విశాఖపట్నము ఒకటి.

ఇక న్యూలిన్ సంగతి. ఈ నూరేండ్లలో అక్కడ సముద్రము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. అయినను మేకును జరుపలేదు. నీటితో పాటు గుర్తును కూడ పైకి జరిపి ఉంటే, సముద్రము పెరిగిన సంగతి దానిని బట్టి ఎవరికి తెలిసేది?