ఒకే బరువు, రెండు వేగాలు

డల్లాస్ శివార్లలో మా వీధి చివరి ఇంటి పెద్దాయన మెషినిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. తన రివాల్వర్‌కు కావలసిన తూటాలను ఇంట్లోనే తయారు చేసుకుంటారు. అమెరికాలో సొంత వాడకానికైతే దీనికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద అనుమతి లేకుండా ఈ పని చేయడం నేరం. పోత పోసిన సీసం బుల్లెట్, రాగి తొడుగున్న బుల్లెట్, ఈ రెండింటిలో ఏది వేగంగా వెళుతుందో కొలుస్తున్నానని ఆయన చెబితే చూడ్డానికి వెళ్లాను.

గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి ఉంది. ఫ్యాను గాలిని బయటికి తోస్తోంది. "ఇక్కడ ఏమీ తినొద్దు, తాగొద్దు. వెళ్లేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి" అన్నారు ముందే. సీసం ఒంట్లోకి చేరితే విషం.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఒక్క సీసమే అయితే మరీ మెత్తన. అందుకని 90 పాళ్ల సీసానికి 5 పాళ్లు తగరం, 5 పాళ్లు యాంటిమొని కలుపుతారు. తగరం వల్ల లోహం అచ్చు మూలమూలకూ పారుతుంది, యాంటిమొని గట్టిదనం ఇస్తుంది. అచ్చు తెరవగానే వెండిలా మెరిసే బుల్లెట్ జారి పడింది. దాని చుట్టూ ఉన్న గాళ్లలో మైనం కలిసిన కందెన నింపుతారు.

పక్క డబ్బాలోవి కొన్నవి: లోపల సీసం, పైన రాగి తొడుగు. ఈ తొడుగును 1882లో స్విట్జర్లాండ్ సైనికాధికారి ఎడువార్డ్ రూబిన్ రూపొందించారు. రెండు రకాలూ 158 గ్రెయిన్లే, అంటే పది గ్రాముల పైచిలుకు.

తర్వాత షూటింగ్ రేంజికి వెళ్లి, చెవులకు రక్షణ పెట్టుకుని నిలబడ్డాం. రివాల్వర్ .38 స్పెషల్. ముందు క్రోనోగ్రాఫ్ ఉంది. బుల్లెట్ నీడ మొదటి కాంతి సెన్సర్‌ను దాటి రెండోదాన్ని చేరేందుకు పట్టిన కాలాన్నిబట్టి అది వేగం లెక్కకడుతుంది. ఇదే పనికి 1742లో బెంజమిన్ రాబిన్స్ వేలాడే చెక్క దిమ్మెను వాడాడు. ఆయన ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా వచ్చి 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు.

మందు ఒకటే, కొలతా ఒకటే. ఆ కొలత తూటాల తయారీ మాన్యువల్లో సీసానికీ తొడుగుకూ ఇచ్చిన రెండు పట్టికల్లోనూ ఉన్నదే. ముందు పోత బుల్లెట్లు పేల్చారు, తర్వాత తొడుగువి. అంకెలు దిగాయి. ఒకటీ అరా కాదు, వరుస వరుసంతా కిందికే!

గొట్టం లోపల మెలికల గాళ్లుంటాయి. బుల్లెట్ వాటిలోకి ఒత్తుకుంటూ దూరాలి. మెత్తటి సీసం తేలిగ్గా ఒదుగుతుంది, కందెనతో జారుతుంది, వెనక వాయువు పక్కలనుంచి తప్పించుకోకుండా మూసేస్తుంది. రాగి తొడుగు ఒరుసుకుంటూ వెళుతుంది. మందు శక్తిలో కొంత అక్కడే ఖర్చవుతుంది.

"అయితే సీసమే మేలా?" అని అడిగాను. "రైఫిల్ దగ్గర కథ తిరగబడుతుంది" అన్నారు. అక్కడ తొడుగు బుల్లెట్ సెకనుకు 2,700 అడుగులు సునాయాసంగా దాటుతుంది. సీసాన్ని అంత వేగంతో తోస్తే గొట్టానికి అంటుకుంటుంది, గురి చెడుతుంది. అడుగున చిన్న రాగి మూత తొడిగినా పోత బుల్లెట్లు వాడేవాళ్లు చాలామంది 2,000 అడుగుల దరిదాపుల్లోనే ఆగుతారు.

బరువు ఒకటే కదా అని సీసానికి చెప్పిన తక్కువ మందును తొడుగు బుల్లెట్‌కు వాడితే అది గొట్టంలోనే ఇరుక్కోవచ్చు. గమనించక మళ్లీ పేలిస్తే గొట్టమే పగులుతుంది, చేతులో కళ్లో పోతాయి. మాన్యువళ్లు రెండింటికీ వేరువేరు పట్టికలు ఇచ్చేది అందుకే. ఫ్యాక్టరీ తూటాకు తనిఖీ చేసేవాళ్లు ఉంటారు. గ్యారేజీలో ఒంటరిగా పనిచేసే మనిషికి ఆ తనిఖీ కొలతే. ఆ పెద్దాయన దాన్ని ఒక్కసారైనా వదిలిపెట్టకపోవడమే నాకు ఆ రోజు అన్నిటికన్నా విలువైన పాఠం.