చూచినదానిని చెప్పుట

మా పాఠశాలలో ఆటిజము గల పిల్లలును కొందరు చదువుచున్నారు. అట్టి బాలునికి ఆవును చూపి "ఇదేమి?" అని యడిగినచో నతడును "ఇదేమి?" అనును. చూచువారు వెక్కిరింపని తలంతురు. అందులకు దెబ్బలు తిన్న బిడ్డలును గలరు. అది వెక్కిరింపు కాదు. 1943వ సంవత్సరమున అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలనుగూర్చి వ్రాసిన వ్యాసమునందే యీ మారుపలుకు వర్ణింపబడినది. "నీకు నీళ్లు కావలెనా?" అని యట్టి బిడ్డ మనతో ననినచో, తనకే దాహమైనదని యర్థము. ఇంతవరకు తల్లి గ్రహింపగలదు. కాని కడుపునొప్పితో నేడ్చుచు, "ఎక్కడ నొప్పి?" అనిన "ఎక్కడ నొప్పి" అనియే పలుకు బిడ్డకు వైద్యుడేమి చేయగలడు?

ప్రశ్న వేసి జవాబునకై వేచియుండుడని శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. ఇచ్చట నది పనికిరాదు. ప్రశ్నను మెల్లగా పలికి, బిడ్డ దానిని మరల ననుటకు వ్యవధి యీయక, "ఆవు" అని మేమే గట్టిగా చెప్పుదుము. బిడ్డయు "ఆవు" అనును. కొన్ని దినములకు సగము మాటయే పలుకుదుము, పిదప పెదవి మాత్రము కదల్తుము, తుదకు ఊరకుందుము. ఉపాధ్యాయులకు ఈ కడపటిదియే కష్టము!

అటుపిమ్మట మఱియొక చిక్కు. ఆవును చూపి "ఏమి రంగు?" అనినను "ఆవు" అనియే చెప్పును. వస్తువును చూచెను గాని ప్రశ్నను వినలేదు. కావున వస్తువు నొక్కదానినే యుంచి ప్రశ్నలను మార్చి మార్చి యడుగవలెను. మైదుకూరు ప్రాంతమున కె.సి. కాలువ క్రింద పసుపు పండును గనుక కొమ్ములకు కొదువలేదు. అయినను ఈ పాఠమునకవి తగవు. పేరును పసుపే, రంగును పసుపే. బిడ్డ యే ప్రశ్నకు బదులు చెప్పెనో యెవరికి తెలియును? ఎఱ్ఱగడ్డయు నంతే, పేరులోనే రంగున్నది. టెంకాయ, పలక మేలు. లెక్కలో మన తెలుగు మఱింత కఠినము: మేకలైన "ఎన్ని?", "మూడు", మనుష్యులైన "ఎందరు?", "ముగ్గురు". ఈ రెంటిని ఒక్కనెలలో నేర్పరాదు.

తలిదండ్రులు ఇంటివద్ద బొమ్మలకన్న నిజమైన వస్తువులనే చూపి యడుగుదురుగాక. చెంబు, చేట, చెప్పులు చాలును.

వేసవి సెలవులకు ముందొకనాడు ఒక బాలిక, ఎవరు నడుగకయే, కిటికీవైపు చూచి "మేకలు" అనినది. "ఎన్ని?" అంటిమి. చాలసేపు చూచి "మూడు" అనినది. బయట నాలుగుండెను. మేము లేచి యామె కూర్చున్న చోటికిపోయి చూడగా, నాలుగవది గోడచాటున నుండెను.