తుపాకీ దారి తప్పితే...

ఊరగాయ జాడీ పార్సిల్లో పగిలిపోతే ఇంటిల్లిపాదీ ఒకపూట బాధపడతారు. పెళ్లి చీరల పెట్టె లారీ ఆఫీసులో కనిపించకపోతే వారం రోజులు ఫోన్లమీద ఫోన్లు నడుస్తాయి. సామాను పోవడం, దొరకడం, దొరక్కపోవడం... విశాఖపట్నం లాంటి ఊళ్లో ఇదేమంత వింత కాదు. 1933 అక్టోబరు 7న జలదుర్గ నౌక కొత్త రేవులోకి అడుగుపెట్టిన నాటి నుంచీ ఈ ఊరి బతుకంతా సరకు చేతులు మారడంలోనే ఉంది. ఓడ నుంచి రేవుకి, రేవు నుంచి రైలుకి, రైలు నుంచి లారీకి! చేయి మారిన ప్రతిచోటా లెక్క తప్పే వీలుంటుంది. అందుకే రేవులో దిగే ప్రతి పెట్టెనీ కాగితంతో సరిచూసి టిక్కు పెట్టే టాలీ క్లర్కు ఉద్యోగం పుట్టింది. కంటెయినర్ తలుపుకి నంబరున్న సీలు వచ్చింది.

ఎంత పెద్ద సరకు పోయినా చివరికి ఆ గొడవ డబ్బు దగ్గర తేలుతుంది. బీమా కంపెనీ ఇస్తుందా, రవాణా కంపెనీ ఇస్తుందా, ఎంత ఇస్తుంది? అంతే. కానీ ఒక్క వస్తువు విషయంలో మాత్రం డబ్బుతో లెక్క తేలదు. అది పోతే నష్టం పోగొట్టుకున్నవాడిది ఒక్కడిదే కాదు, ఊరందరిదీ. ఆ వస్తువు తుపాకీ!

బెల్టు ఆగింది... పెట్టె రాలేదు

ఈ ఊరికి బాగా తెలిసిన మనిషినొకణ్ని ఊహించుకుందాం. పేరు ఏదైనా కావచ్చు. శ్రీకాకుళం వైపు పల్లెలో పుట్టి, సైన్యంలో చేరి, పదిహేడేళ్లు పనిచేసి వచ్చి గాజువాకలో ఇల్లు కట్టుకున్న మనిషి. రిటైరయ్యాక లైసెన్సు తీసుకుని డబుల్ బ్యారెల్ తుపాకీ కొనుక్కున్నాడు. సరదాకి కాదు, పొట్టకూటికి. సొంత తుపాకీ, దానికి లైసెన్సు ఉన్న మాజీ సైనికులకి గన్‌మన్ ఉద్యోగాలు దొరుకుతాయి. హైదరాబాద్‌లో రెండేళ్లు ఆ ఉద్యోగమే చేశాడు. ఇంక చాలనుకుని ఇంటికి బయల్దేరితే కొడుకు ముచ్చటపడి విమానం టిక్కెట్టు కొన్నాడు.

బస్సులోనో, ఇంకో బండిలోనో అయితే తుపాకీని తన పక్కనే పెట్టుకునేవాడు. విమానంలో అలా కుదరదు. కౌంటర్లో ముందే చెప్పాలి. లైసెన్సు చూపించాలి. తూటాలు తీసి ఖాళీ చేశామని తేల్చాలి. తర్వాత దాన్ని పెట్టెలో భద్రం చేసి, విమానం అడుగున సామాన్లలోకి పంపుతారు. తుపాకీని చేతిలోంచి వదలొద్దని జీవితమంతా నేర్చుకున్న మనిషి, నిబంధన ప్రకారమే దాన్ని వేరేవాళ్లకి అప్పగించాల్సిన చోటు అది.

విశాఖలో దిగాడు. అందరి సూట్‌కేసులూ వచ్చాయి. బెల్టు ఆగిపోయింది. పొడుగాటి ఆ పెట్టె మాత్రం రాలేదు.

కౌంటర్లో కుర్రాడు మర్యాదగానే ఒక ఫారం రాయించుకున్నాడు. ‘‘రేపటి విమానంలో వచ్చేస్తుందండీ, కంగారు పడకండి’’ అన్నాడు. కొడుకూ అదే మాట. ‘‘నాన్నా, రేపొక్కరోజు చూద్దాం. ఇప్పుడు స్టేషనుకెళ్తే లేనిపోని తలనొప్పి. లైసెన్సు మీదకొస్తుంది. రేపు పెట్టె దొరికితే ఇదంతా దేనికి చెప్పు?’’

ఆయన మాత్రం అప్పటికే ఆటో పిలుస్తున్నాడు. ‘‘పెట్టె అయితే రేపటిదాకా ఆగొచ్చురా. ఇది పెట్టె కాదు.’’

ఇద్దరిలో ఎవరిది సబబు? కొడుకు మాటలో తప్పేముందని చాలా ఇళ్లలో అనుకుంటారు. సామాను మర్నాడు దొరకడం మామూలే కదా! పైగా ఆ తుపాకీ ఆ ఇంటికి అన్నం పెడుతోంది. లైసెన్సు పోతే ఉద్యోగమూ పోయినట్టే. ఆ భయం ఉత్తుత్తిది కాదు. అయినా తండ్రి చేసిందే సరైన పని. ఎందుకో చూద్దాం.

చట్టానికి రెండు క్యాలెండర్లు

మామూలు సరకు పోతే చట్టం మనకి బోలెడంత సమయం ఇస్తుంది. లారీలో వేసిన సరకు గల్లంతైతే, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. విలువ ఎక్కువని ముందే ప్రకటించి ఉండకపోతే, చెల్లించే పరిహారం కూడా రవాణా ఛార్జీకి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. రైల్లో వేసిన సరకైతే 1989 నాటి రైల్వే చట్టం ఆరు నెలలు గడువిచ్చింది. అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తే, 21 రోజులు దాటినా సామాను రాకపోతే దాన్ని పోయినట్టుగా లెక్కగట్టి హక్కు అడగొచ్చు.

180 రోజులు, ఆరు నెలలు, 21 రోజులు... ఇదంతా డబ్బు కోసం పెట్టిన క్యాలెండర్. తుపాకీది వేరే క్యాలెండర్. అందులో ఒకటే మాట ఉంటుంది: వెంటనే! ఆయుధం పోయినా, దొంగతనానికి గురైనా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో వెంటనే చెప్పాలన్నది లైసెన్సులోనే ఉన్న షరతు. విమాన సంస్థకి రాసిచ్చిన ఫారం ఈ షరతుని తీర్చదు. అది సామాను కోసం, ఇది జనం భద్రత కోసం.

అమెరికాలోనూ పద్ధతి ఇంచుమించు ఇదే. అక్కడ లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి పంపిన తుపాకీ దారిలో పోతే, ఆ సంగతి తెలిసిన 48 గంటల్లోగా ఫెడరల్ అధికారులకీ, స్థానిక పోలీసులకీ చెప్పాల్సింది పంపినవాడే. పోగొట్టింది రవాణా కంపెనీ కదా అని చేతులు దులుపుకోవడానికి లేదు. 2016లో అమల్లోకి వచ్చిన నిబంధన ఈ సంగతి స్పష్టం చేసింది.

కలకత్తాలో ఆ మూడు రోజులు

ఆలస్యమైతే ఏమవుతుంది? దీనికి జవాబు మన తూర్పు తీరంలోనే మరో రేవు పట్టణంలో, వందేళ్లకి పైగా కిందట దొరికింది.

1914 ఆగస్టు 26, బుధవారం. కలకత్తాలో రోడ్డా అండ్ కంపెనీ అనే ఆయుధాల వ్యాపార సంస్థకి ఓడలో సరకు వచ్చింది. కస్టమ్స్ ఆఫీసు నుంచి సరకు విడిపించే పని ఆ కంపెనీ గుమాస్తా శిరీష్ చంద్ర మిత్రది. ఆ రోజు ఆయన 202 పెట్టెలు విడిపించాడు. ఎడ్లబండ్ల మీద గోదాముకి చేరినవి 192. ‘మిగిలినవి తెస్తా’నని చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. ఆ పది పెట్టెల్లో 50 మౌజర్ పిస్తోళ్లు, 46 వేల తూటాలు ఉన్నాయి! బెంగాల్ విప్లవకారులు వేసిన పథకం అది. ఆ గుమాస్తా వాళ్ల మనిషే.

పోలీసులకి ఫిర్యాదు ఎప్పుడందిందో తెలుసా? మూడు రోజుల తర్వాత.

1918లో వచ్చిన రౌలట్ కమిటీ నివేదిక ఆ తర్వాతి కథ చెబుతుంది. 44 పిస్తోళ్లు దాదాపు వెంటనే తొమ్మిది వేర్వేరు విప్లవ బృందాలకి చేరిపోయాయి. 54 ఘటనల్లో వాటిని వాడారు. ప్రతి పిస్తోలు మీదా నంబరుంది, ఆ నంబర్ల జాబితా కంపెనీ దగ్గరుంది. అయినా నివేదిక రాసేనాటికి దొరికినవి 31 మాత్రమే. 1915 సెప్టెంబరులో ఒరిస్సాలోని బాలాసోర్ దగ్గర పోలీసులతో హోరాహోరీ పోరాడి ప్రాణాలొదిలిన బాఘా జతిన్ బృందం చేతుల్లోనూ మౌజర్లే ఉన్నాయి.

దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల కథగా అది మనకి గర్వకారణం. అయితే తుపాకీ సొంతదారుడి వైపు నుంచి చూస్తే అందులో ఇంకో పాఠం ఉంది. దారి తప్పిన ఆయుధం ఎవరి చేతుల్లోకి వెళ్లాలన్నది పోగొట్టుకున్నవాడి చేతుల్లో ఉండదు. ఆనాడు విప్లవకారుల చేతుల్లోకి వెళ్లింది. ఈనాడు దారిదోపిడీ ముఠా చేతుల్లోకి వెళ్లొచ్చు, తాగిన మత్తులో ఉన్నవాడికి దొరకొచ్చు, ఏమీ తెలియని చిన్నపిల్లాడికీ దొరకొచ్చు.

రసీదు రాసిచ్చిన రాజు

ఆయుధానికి లెక్క ఉండాలన్న సంగతి విశాఖ మన్యానికి కొత్త కాదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడిచేసి 11 తుపాకులు, 1390 తూటాలు, 14 బాయొనెట్లు, 5 కత్తులు పట్టుకుపోయింది. వెళ్లేముందు ఏమేం తీసుకెళ్తున్నారో స్టేషన్ రికార్డు పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టాడు. తీసుకెళ్లినవాడే రసీదు రాసిచ్చాడన్నమాట! తుపాకీ మాయమైతే ఆ నింద ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. చిత్తుగా ఓడిన స్టేషన్‌కి కూడా ఆ పుస్తకంలో లెక్క మాత్రం మిగిలింది.

సైన్యంలో చేసినవాళ్లకి ఇది నరనరాన ఉంటుంది. ఆయుధాలుంచే గదిని వాళ్లు ‘కోత్’ అంటారు. పొద్దున తీసిన ప్రతి తుపాకీకీ సాయంత్రం లెక్క అప్పగించాల్సిందే. గాజువాక పెద్దాయన కొడుకు మాట వినకుండా ఆటో ఎక్కింది ధైర్యంతో కాదు, ఆ అలవాటుతోనే.

చెబితే లైసెన్సు పోతుందా?

చాలామంది నోరు నొక్కేసే భయం ఇదే. చెబితే విచారణ ఉంటుంది, నిజమే. ఎలా పోయింది, ఎవరికి అప్పగించావు, ఏ జాగ్రత్తలు తీసుకున్నావు అని అడుగుతారు. ప్రజల భద్రతకి అవసరమనుకుంటే, షరతు తప్పారని తేలితే లైసెన్సుని సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం 1959 నాటి ఆయుధాల చట్టం లైసెన్సింగ్ అధికారికి ఇచ్చింది. కానీ ఇక్కడే ఉంది అసలు తిరకాసు. తుపాకీని విమాన సంస్థకి అప్పగించడం నిబంధన ప్రకారమే జరిగింది. అక్కడ ఆయన చేతికి రసీదుంది. చెప్పకుండా ఊరుకోవడం మాత్రం షరతుని తప్పడమే. అంటే మౌనంగా ఉన్న ప్రతి గంటా, తప్పు అవతలివాళ్ల నుంచి ఈయన మీదకి జరుగుతుంది.

రేపెప్పుడో ఆ తుపాకీతో ఒక ఘోరం జరిగి, పోలీసులు నంబరు పట్టుకుని ఆ ఇంటికి వచ్చారనుకోండి. ‘ఫలానా రోజు, ఫలానా గంటకి ఫిర్యాదు ఇచ్చా’నని చూపించే కాగితం ముక్కే ఆ ఇంటిని కాపాడుతుంది. అది లేకపోతే ఏ సంజాయిషీ చెప్పినా కట్టుకథలాగే వినిపిస్తుంది.

ఏ స్టేషనుకి వెళ్లాలన్న మీమాంస అక్కర్లేదు. పెట్టె హైదరాబాద్‌లో ఆగిందో, విశాఖలో దిగి మాయమైందో తేలేదాకా ఆగనవసరం లేదు. దొంగతనం జరిగిందన్న అనుమానముంటే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఎక్కడ జరిగిన నేరానికైనా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. వెళ్లేటప్పుడు లైసెన్సు పుస్తకం, తుపాకీ నంబరు, టిక్కెట్టు, సామాను ట్యాగు, విమాన సంస్థకిచ్చిన ఫారం నకలు తీసుకెళ్లాలి. ఇచ్చిన ఫిర్యాదుకి రసీదు తీసుకోవాలి. లైసెన్సు ఇచ్చిన అధికారికీ అదే సమాచారం రాతపూర్వకంగా పంపాలి. విశాఖ నగరంలో అయితే ఆ అధికారి పోలీస్ కమిషనర్. తుపాకీ నంబరుని ఇంట్లో విడిగా ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం ఇంకా మంచిది. తుపాకీకి ఇంటిపేరు దాని నంబరే. అది తెలియకపోతే వెతికేవాళ్లు కూడా ఏమీ చేయలేరు.

మన ఇంట్లో తుపాకీ లేదు, మనకెందుకీ గొడవంతా అనిపించొచ్చు. కానీ ఈ ఊళ్లో సరకు మోసే కళాసీలున్నారు, లారీ డ్రైవర్లున్నారు, గోదాము గుమాస్తాలున్నారు, విమానాశ్రయంలో సామాన్లు ఎత్తే కుర్రాళ్లున్నారు. వాళ్లంతా మన ఇళ్లవాళ్లే. రవాణాలో ఉన్న పెట్టెలోనో మూటలోనో అక్రమ ఆయుధాలున్నాయని అనుమానమొస్తే, రైలైనా ఓడైనా విమానమైనా లారీ అయినా, అందులో పనిచేసేవాళ్లు పోలీసులకి చెప్పితీరాలని ఆయుధాల చట్టంలోని 36వ సెక్షన్ అంటోంది. అనుమానం వచ్చిన చేతిలోంచి ఆ పెట్టె ముందుకి కదిలిపోతే, తర్వాత ఎవరి చేతిలో తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

పోయిన సరకుకి ఖరీదు కట్టొచ్చు, ఆరు నెలలకైనా పరిహారం రావచ్చు. కలకత్తాలో పోయిన ఆ మూడు రోజులకి మాత్రం ఏ కంపెనీ పరిహారం కట్టగలదు?