తలుపు వెనక లెక్క

మా అమ్మ ముప్ఫై ఏళ్ళు బీడీలు చేసింది. కొండగట్టు కింద మా ఊళ్ళో ఆడవాళ్ళ ఒళ్ళో చాట లేని అరుగు అప్పట్లో అరుదు. సాయంత్రం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, బుక్కులో లెక్క రాయించుకుని, ఇంటికి రాగానే తలుపు వెనక గోడ మీద బొగ్గుతో వెయ్యికొక గీత గీసేది. "అక్కడ రాస్తరు గదా, మళ్ళ ఇదెందుకే?" అంటే, "అది ఆళ్ళ బుక్కు బిడ్డా. ఇది నాది" అనేది. సున్నం వేసిన గోడ పాడవుతోందని నాన్న విసుక్కునేవాడు. సాహిత్యంలో డాక్టరేట్ చేసి, ప్రతులూ పాఠభేదాలూ అంటూ ఏళ్ళు గడిపిన నాకు ఆ గీతల విలువ పోయినేడు చెల్లె ఫోన్ చేసేదాకా తెలియలేదు.

"అక్కా, నేను రాసిందంతా పోయింది" అంది.

చెల్లె కొండగట్టు దగ్గర నాచుపల్లిలోని జేఎన్‌టీయూ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివి, వ్యవసాయ మోటార్లకు స్టార్టర్లు చేసే ఒక చిన్న సంస్థలో చేరింది. స్టార్టర్ లోపల ఒక చిన్న మైక్రోకంట్రోలర్ ఉంటుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, బోరులో నీళ్ళు అడుగంటినా మోటారు కాలిపోకుండా ఆపడం, రైతు ఫోన్ నుంచి చెబితే వేయడం దాని పని. ఆ పని దానికి నేర్పే ప్రోగ్రాం చెల్లె రాసింది. చీకట్లో, పాముల మధ్య, తడి చేతులతో మోటారు వేయడానికి పోయే అవసరం తప్పించే రాత అది. కాన్పుకని ఉద్యోగం మానేటప్పుడు ఫైళ్ళన్నీ అప్పగించి సంతకాలు పెట్టి వచ్చింది. ఆఫీసులో అవి ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి. దాని హార్డ్‌డిస్క్ చెడిపోయింది.

"ఊళ్ళల్ల నడుస్తున్న స్టార్టర్లలోంచి తీసుకోరాదా?" అని అడిగాను. ఎవరూ దొంగిలించకుండా చిప్పుకు తాళం వేస్తారట. వాళ్ళు వాడే ఏటీమెగా చిప్పులో లాక్ బిట్లు పెడితే లోపలిది బయటికి చదవడం కుదరదు. తాళం తీయాలంటే చిప్పు మొత్తం చెరపాలి, దాంతో ప్రోగ్రామూ పోతుంది. దొంగకని వేసిన తాళం ఇంటివాళ్ళకే పడింది.

"తాళం లేకున్నా సగమే దొరుకుతదక్కా" అంది. మనిషి రాసే సోర్స్ కోడ్ వేరు, చిప్పులోకి వెళ్ళే హెక్స్ ఫైలు వేరు. కంపైలర్ మొదటిదాన్ని రెండోదానిగా మార్చేటప్పుడు, మనం పక్కన రాసుకున్న కామెంట్లన్నీ వదిలేస్తుంది. యంత్రానికి అవి అక్కర్లేదు. కరెంటు రాగానే మోటారు వేయకుండా, ఒక్కో స్టార్టర్ ఒక్కో వ్యవధి ఆగేలా చెల్లె రాసింది. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరిలో మొదలైంది. అంతకుముందు విడతలుగా వచ్చేది. రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచి, నాన్న పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు పోయేవి. చిన్నప్పుడు చూసిన ఆ సంగతంతా కామెంట్‌లో రాసిపెట్టింది. చిప్పులో ఆగడం మాత్రమే ఉంది. ఎందుకు ఆగాలో లేదు.

ఆడవాళ్ళ పనికి తరచూ జరిగేది ఇదే కదా! ఫలితం పదిమందికీ అందుతూనే ఉంటుంది. దాని వెనకున్న ఆలోచనా, చేసినవాళ్ళ పేరూ మధ్యలో ఎక్కడో రాలిపోతాయి.

1957 నాటి కాపీరైట్ చట్టం తిరగేశాను. కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచన కిందికే వస్తుందట! మా ఇంట్లో సాహిత్యం నాదొక్కదానిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అయితే, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసినదానిపై హక్కు సంస్థదే. రాసింది నేనని చెప్పుకునే హక్కు మాత్రం, 57వ సెక్షన్ ప్రకారం, రాసినవాళ్ళకే మిగులుతుంది. కానీ ప్రతే లేకపోతే ఏం చూపించి చెప్పుకోవాలి? బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను సమగ్రంగా అచ్చువేయించగలిగిందంటే, ముందరి అచ్చులో వదిలేసిన పద్యాలున్న ప్రతి మరోచోట బతికి ఉండబట్టే.

సంస్థ యజమాని మళ్ళీ రాసిమ్మని చెల్లెనే అడిగాడు. తన దగ్గర కోడ్ లేదు. ఏది ఎందుకు చేసిందో రాసుకున్న నోట్‌బుక్ ఉంది. పాప నిద్రపోయాక కూర్చుని నెలన్నరలో తిరిగి రాసింది. ఈసారి షరతులు పెట్టింది. ఏ మార్పు ఎవరు ఎందుకు చేశారో గిట్‌లో నమోదు కావాలి. మూడు ప్రతులు ఉండాలి. ఒకటి ఆఫీసు బయట ఉండాలి, దాని పాస్‌వర్డ్ ఇద్దరికి తెలియాలి. వాడిన కంపైలర్‌నూ దాచాలి. ఆరునెలలకోసారి ఆ ప్రతి నుంచి ఒక చిప్పు తయారుచేసి, స్టార్టర్ నడుస్తోందో లేదో చూడాలి. ఫైలు మొదటి వరుసలో తన పేరు ఉండాలి. మిగతావాటికి సరేనన్న యజమాని చివరిదానికి నవ్వాడట.

"లోపలున్న పేరు ఎవరు చూస్తరమ్మా?"

"రేపు దాన్ని దిద్దెటోళ్ళు చూస్తరు సార్."

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పరిశోధన కోసం బీడీలు చేసే ఆడవాళ్ళతో మాట్లాడిన రికార్డింగులన్నీ నా దగ్గర ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే ఉన్నాయి. వాళ్ళలో ముగ్గురు ఇప్పుడు లేరు. పొద్దున్నే కాపీలు తీశాను. ఒకటి చెల్లె ఇంట్లో పెట్టాను. ఎవరి మాటలు వాళ్ళకు పెన్‌డ్రైవ్‌లలో ఇచ్చి వచ్చాను.

అమ్మకు తన గొంతు వినిపించాను. చివరిదాకా విని, "గోడ మీది గీతలు గూడ ఉన్నయా ఇందుల?" అని అడిగింది. లేవు. ఇల్లు బాగుచేయించినప్పుడు ఆ గోడకు రంగు వేయించింది నేనే.