ఫార్మాట్ చేయమంటారా?

మన హాస్టల్ పాత కంప్యూటర్ సీనియర్లందరికీ గుర్తుండే ఉంటుంది. ఒక దాత ఇచ్చినది. స్టడీ అవర్ అయ్యాక వార్డెన్ గారి గది ముందు దాని కోసం వరస కట్టేవాళ్ళం. విండోస్ కొనే స్తోమత లేదు కనుక, ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అన్న ఏదో పత్రికతో పాటు వచ్చిన సీడీలోని సూసే లినక్స్ ఎక్కించాడు. 2006 వరకూ సూసే మామూలుగా డిస్కును రైజర్ఎఫ్ఎస్ అనే పద్ధతిలో సర్దేది. ఆ మాట అప్పట్లో మాకెవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ పడలేదు.

ఆ కంప్యూటర్ ఎప్పుడో మూలపడింది. దాని 40 జీబీ డిస్కు మాత్రం మా దగ్గరే ఉంది. 2004, 2005 వార్షికోత్సవ సంచికల ఫైళ్ళు, స్కాన్ చేసిన గ్రూపు ఫోటోలు అందులోనే ఉన్నాయి. అచ్చుప్రతులు స్టోర్ రూమ్ కారిన ఏడాదే పోయాయి. పదో తరగతి పరీక్షలయ్యాక జ్వరంతో పోయిన మా తోటివాడి ఫోటో వాళ్ళమ్మ దగ్గర ఒక్కటీ లేదు. ఉంటే ఈ డిస్కులోనే ఉండాలి.

2022లో పెట్టి చూస్తే చక్కగా తెరుచుకుంది. ఈ సంచిక పనుల కోసం మళ్ళీ పెట్టేసరికి మా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 25.10 ఉంది. 'ఈ రకం ఫైల్‌సిస్టమ్ నాకు తెలియదు' అంది. ఇంకొకరి విండోస్‌లో పెడితే ఏకంగా 'ఫార్మాట్ చేయమంటారా?' అని అడిగింది. రిపేరు షాపులో చూపిస్తే డిస్కు చచ్చిపోయింది, పారేయండి అన్నారు.

మాకు నమ్మకం కుదరలేదు. చచ్చిన డిస్కు అలా హాయిగా తిరగదు. జంపర్‌ను మాస్టర్‌లో పెట్టి, ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే తీగతో మళ్ళీ కలిపాం. ఎల్ఎస్‌బీఎల్‌కే కొడితే సైజు సరిగ్గా చూపింది. బీఎల్‌కేఐడీ కొడితే రైజర్ఎఫ్ఎస్ అని పేరు కూడా చెప్పింది. అంటే డిస్కు మాట్లాడుతూనే ఉంది, వినే యంత్రానికే ఆ భాష రాదు. మాడ్యూల్ ఎక్కించబోతే అలాంటిదే లేదంది.

కారణం తరవాత తెలిసింది. వాడేవాళ్ళు తగ్గిపోయి, చూసుకునేవాళ్ళు లేక, 2022లో 5.18 కెర్నెల్ నాడే రైజర్ఎఫ్ఎస్‌ను తీసేస్తామని ప్రకటించారు. 2025 జనవరిలో 6.13తో నిజంగానే తీసేశారు. మొదట కోపం వచ్చింది. ఆలోచిస్తే, ఎవరూ పట్టించుకోని కోడు కెర్నెల్‌లో ఉండటం కూడా ప్రమాదమే కదా!

సంగతి తెలిసింది కదా అని ఆత్రపడలేదు. అసలు డిస్కు జోలికి పోకుండా ముందు డీడీరెస్క్యూతో దాని మొత్తం నకలు పెద్ద డిస్కులోకి ఎత్తాం. దానికి రెండు రాత్రులు పట్టింది. కొన్ని సెక్టార్లు ఎంత ప్రయత్నించినా రాలేదు. రైజర్ఎఫ్ఎస్‌సీకేతో 'రీబిల్డ్ ట్రీ' చేసేయమని ఒక మిత్రుడు పట్టుబట్టాడు. అది అన్ని దారులూ మూసుకుపోయాక వాడే మందు. ఇక్కడ చెట్టుకు జబ్బే లేదు, నరకడం దేనికి? తమ్ముళ్ళూ, ఇలాంటి చోట తొందరపెట్టేవాళ్ళ మాట వినకండి.

మిగిలింది పావుగంట పని. 6.1 కెర్నెల్ ఉన్న డెబియన్ 12ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాం. ల్యాప్‌టాప్‌లోని కొత్త సిస్టమ్‌ను కదిలించనే లేదు. నకలును చదవడానికి మాత్రమే అని చెప్పి మౌంట్ చేస్తే, ఫోల్డర్లన్నీ వరసగా వచ్చేశాయి. గదిలో అరుపులే అరుపులు.

సంచికల ఫైళ్ళు డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో చేసినవి. తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు! యూనికోడ్ రాకముందటి అను ఫాంట్లు వెతికి వేస్తేగాని అక్షరాలు కనబడలేదు. 2005 సంచికలో రెండు పేజీలు మాత్రం ఆ రాని సెక్టార్లతోనే పోయాయి.

ఫోటోలన్నీ దొరికాయి. మావాడు రెండో వరసలో, అరువు చొక్కాతో ఉన్నాడు. పెద్దది చేయించి వాళ్ళమ్మకు ఇచ్చి వచ్చాం. ఇప్పుడు ఒక నకలు హాస్టల్ కంప్యూటర్లో, ఇంకొకటి మా దగ్గర, రెండూ ఈఎక్స్‌టీ4లో ఉన్నాయి. 2004 గ్రూపు ఫోటోలో పదకొండు మందిని ఇంకా పోల్చుకోలేకపోయాం. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు లైబ్రరీ గదిలో దాన్ని చూసి, తెలిసిన పేర్లు వెనక రాసి వెళ్ళండి. పెన్ను అక్కడే కట్టి ఉంచాం.