బోయవాడి కథ మనకి తెలిసిందే కదా

పొద్దున ఫోన్లో ‘వాల్మీకి ప్రతిభ’ నాటకం వీడియో ఒకటి కనిపించింది. 1881 నాటి టాగోర్ రచన.
వేదిక మీద దొంగల వేషాల్లో ఉన్నది కోల్‌కతా ప్రెసిడెన్సీ జైలు ఖైదీలు.

నృత్యకారిణి అలకానంద రాయ్ 2007లో అతిథిగా ఆ జైలుకి వెళ్లారు. ఆ తర్వాత ఖైదీలకి నృత్యం నేర్పడానికి వెళ్తూనే ఉన్నారు. మగవాళ్లకి డాన్సేంటని వాళ్లు సిగ్గుపడితే కలరిపయట్టుతో మొదలుపెట్టారట. పోనుపోను ఆమెని ‘మా’ అని పిలవసాగారు.

నాటకంలో బలికి తెచ్చిన ఆడపిల్లని చూసి వాల్మీకి మనసు కరుగుతుంది. కట్లు విప్పమంటాడు.
ఆ వేషం వేసిన నైజెల్ అక్కారా అప్పటికి నిజంగానే ఖైదీ. విడుదలయ్యాక 2012లో ‘ముక్తధార’ సినిమాలో నటించాడు.

శిక్ష పడాల్సిందే. నష్టపోయిన కుటుంబాల బాధ చిన్నదేం కాదు.
కానీ తన అడుగు తప్పితే పక్కవాడి తాళం తప్పుతుందని తెలిసిన మనిషి, ఇంకొకరి గురించి ఆలోచించడం మొదలుపెట్టినట్టే. కళ చేసే వైద్యం అక్కడే ఉందనిపిస్తుంది నాకు.

బోయవాడు కవి అయ్యాడని పిల్లలకి గర్వంగా చెప్పుకుంటాం.
జైలు నుంచి వచ్చినవాడికి మాత్రం గది అద్దెకివ్వం, పని ఇవ్వం.
ఇది మారాలి.

మీకు తెలిసినవాళ్లలో అలా బయటికొచ్చి నిలదొక్కుకున్నవాళ్లు ఉన్నారా? వాళ్లకి ఆసరా అయింది ఏమిటి? పేర్లు వద్దు, సంగతి చెప్పండి.