చిన్న కారు, ఇంటి పద్దు

మేము కారు కొనదలచినపుడు బంధువులెల్లరును ఇంజను బలమెంతయని యడిగిరి. లీటరునకెన్ని కిలోమీటర్లని యడిగినది మా యింటి పద్దు వ్రాయు నిల్లాలొక్కతెయే. కృష్ణాడెల్టా సమతలము, విజయవాడనుండి బందరు పోవు త్రోవలో కొండ యెక్కవలసిన పని లేదు. 1983లో వెలువడిన మారుతి 800 కారు 796 ఘన సెంటీమీటర్ల యింజనుతోనే యెన్నో కుటుంబములను మోసినది. వేగము రెట్టింపయినచో గాలి యెదురు నాలుగు రెట్లగును. కావున తొందరయే పెట్రోలును మ్రింగును.

అయినను ఇరుకైన కాలువగట్టుమీద, నిండు కారులో, ధాన్యపు లారీని దాటబోవునపుడు చిన్న యింజను తడబడును. ఎదుట బస్సు వచ్చుచుండును. అచ్చట బలము ప్రాణావసరమే. కాని చదువరులారా, లారీ వెనుక రెండు నిమిషములు నిలుచు నోర్పు అంతకంటె నమ్మదగినది. పదుగురి మెప్పునకై కొన్న బలమునకు ఇంటి పద్దు నెలనెలయు వెల చెల్లించును. ఓర్పునకు వెల లేదు.